కుండల పక్కన ప్లగ్గు

జగ్గయ్యపేట దగ్గర హైవే మీదున్న చార్జింగ్ పాయింటు ఆ మధ్యాహ్నం పనిచేయలేదు. తరువాతిది నందిగామలో ఉంది. అక్కడిదాకా వెళ్లేంత చార్జింగు నా కారులో లేదు. ఎలక్ట్రిక్ కారు కొనొద్దని మొత్తుకున్న మా బావమరిది మొహం కళ్లముందు కదిలింది. ఊళ్లో ఒక కొట్టు దగ్గర చార్జింగు పెట్టుకోవచ్చని టీ బంకు అతను చెబితే అటు తిప్పాను.

అదొక హోల్‌సేల్ కిరాణా కొట్టు. ముందు తాటాకు పందిరి, దాని కింద తడిగుడ్డలు చుట్టిన కుండలతో చలివేంద్రం. పక్కనే గోడకు పెద్ద ప్లగ్గు ఉంది. గల్లాపెట్టె దగ్గరున్న పెద్దావిడ లేచి వచ్చి, నేను నోరు తెరవకముందే మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చింది.

"ముందు మీరు తాగండి బాబూ. తర్వాత దాని సంగతి చూద్దాం" అంది, కారు వైపు చూసి.

"ఎర్తింగ్ ఉందాండీ? లేకపోతే ఇది ఎక్కించుకోదు."

"వేయించకుండా ఎట్లా పెడతాను? మా మామగారి రోజుల నుంచీ ఏటా చలివేంద్రం పెడుతున్నాం. అప్పుడు మనుషులే ఆగేవాళ్లు. ఇప్పుడు కార్లూ ఆగుతున్నాయి."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నిటారుగా నిలబడింది.

పొద్దు వాలేసరికి నందిగామకు సరిపడా ఎక్కింది. ఎంతివ్వాలని అడిగాను. ఆవిడ కుండల వైపు చెయ్యి చూపించింది.

"ఆ నీళ్లకి ఎంతిచ్చారు?"

ఈ వేసవిలో మా ఇంటి గోడకు వీధివైపున ఒక ప్లగ్గు పెట్టించాను. బావమరిది వచ్చి చూసి, ఇదేంటని అడిగాడు.

"చలివేంద్రం" అన్నాను, పక్కింటికి కూడా వినపడేలా.