కెప్టెనక్క గీసిన గ్రౌండు

మా కబడ్డీ జట్టు కెప్టెన్‌ని అందరం కెప్టెనక్క అనేవాళ్లం. ఏదైనా వివరించాలంటే అక్క ముందు కుడికాలి చెప్పు విడిచేది. బొటనవేలితో నేల మీద గీస్తేనే ఆమెకు మాట వచ్చేది.

గజపతినగరం దగ్గర మా ఊరికి ఆడపిల్లల కోసం ఆటస్థలం మంజూరైంది. మా అభిప్రాయం అడగడానికని ఒక ఆఫీసరు వచ్చారు. అక్క చెప్పు విడిచి, బడి వెనక స్థలం గీసింది. చుట్టూ గోడ గీసింది. బట్టలు మార్చుకోవడానికి ఒక గది కూడా గీసింది.

"రోడ్డు పక్కనొద్దు సార్. ఎదురుగా టీకొట్టున్నాది. నిక్కర్లేసుకుని ఆడతంటే మగోళ్లంతా సూస్తారు. మా అమ్మోళ్లు పంపరు."

"బాగా చెప్పావమ్మా!" అని ఆయన చప్పట్లు కొట్టించారు. ఫోటో కోసం మమ్మల్ని దగ్గరికి పిలిచి, ఆ గీసిన గోడ మీదే నిలబడ్డారు.

గ్రౌండు రోడ్డు పక్కనే వచ్చింది. ప్లాను ఆయన మమ్మల్ని అడగకముందే తయారైపోయిందట. వచ్చేపోయే పెద్దలకు కనబడాలట. మేం అక్కడ ఆడింది ప్రారంభోత్సవం నాడే, అదీ చుడీదార్లలో. ఇప్పుడు ఊళ్లోవాళ్లు అందులో ధాన్యం ఆరబోస్తున్నారు.

మొన్న ఉద్యోగం పని మీద అక్క అత్తవారి ఊరికి వెళ్లాను. అక్కడి ఆడపిల్లలకు శిక్షణ కేంద్రం కట్టాలి. ఈసారి ప్లాను నిజంగానే ఇంకా తయారుకాలేదు. మీటింగులో వెనక వరసలో అక్క కనబడింది. నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"ఎక్కడ కడితే బాగుంటుందో నువ్వు చెప్పక్కా," అన్నాను.

ఒకప్పుడు నన్ను ఒసే అని తప్ప పిలవని మనిషి లేచి నిలబడింది.

"మీకెక్కడ బాగుంటే అక్కడే కట్టండి మేడమ్."

కింద మెత్తటి ఇసక. అక్క చెప్పు విడవలేదు.