కేశవప్ప లెక్కపెట్టిన దెబ్బలు

తళి రోడ్డు పక్క ఊళ్ళలో అన్నదమ్ములు బావి నీళ్ళు పంచుకోవాలంటే ఇన్నేళ్ళూ కేశవప్పనే పిలిచేవారు. మోటారు ఎవరికి ఎంతసేపు, ఎవరి మడి ముందు తడవాలి అన్నది ఆయన గట్టు మీద కూర్చుని తేల్చేవాడు. ఆయన తేల్చాక మళ్ళీ మాట ఉండేది కాదు. పంపకం పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో కాఫీ కూడా ముట్టడు. ఎవరి కాఫీ తాగితే వాళ్ళ వైపు మొగ్గాడంటారని భయం. అరవై దాటిన కేశవప్పకు ఆ పేరే అసలు ఆస్తి. గులాబీ తోట దాని తరవాతే.

అలాంటి మనిషి గోల్ఫ్ ఆడడానికి కారణం భూమి. హోసూరు దాటాక కొండవాలులో గోల్ఫ్ క్లబ్ కట్టినప్పుడు ఆయన రాగి చేను అందులో కలిసిపోయింది. అమ్మేటప్పుడు ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. బతికున్నన్నాళ్ళూ తనను లోపలికి రానివ్వాలి. క్లబ్ వాళ్ళు సరేనని సభ్యత్వం ఇచ్చేశారు. నాలుగు రోజులు చేను చూసుకుని తిరిగి, విసుగొచ్చి మానుకుంటాడనుకున్నారు. ఆయన మానుకోలేదు. ఎవరో వాడి వదిలేసిన గోల్ఫ్ కర్రలు కొన్నాడు. పంచె తీసి ప్యాంటు తొడిగాడు.

"ఈ వయసులో ప్యాంటు ఏసుకోని యాడికి? పెండ్లిచూపులకా?" అని భార్య మునిలక్ష్మమ్మ ఎగతాళి చేసేది.

ఆట ఆయనకు ఎవరూ నేర్పలేదు. పక్కవాళ్ళను చూసి నేర్చుకున్నాడు. తప్పు కూడా అక్కడే పట్టుకుంది. బంతిని కొట్టే ముందు అందరూ కర్రను ఒకటి రెండుసార్లు ఊరికే ఊపి చూసుకుంటారు. అది లెక్కలోకి రాదు. కేశవప్ప మాత్రం ఆ ఊపులో కర్ర గడ్డిని తాకితే దాన్నీ ఒక దెబ్బగా కలిపేవాడు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి బిళ్ళంగోడులో కట్టె నేలకు తగిలితే వంతు పోయినట్టే. నేలను తాకిన దెబ్బను దాచుకోవడం దొంగతనమని ఆయన ఒంట్లో ఇంకిపోయింది. అందుకే ఐదు దెబ్బల్లో బంతిని గుంటలో వేసి కూడా "ఆరు" అనేవాడు.

ఆ ఆరును కార్డు మీద రాసేది ధనశేఖర్. పాత వ్యాపార కుటుంబం, ఇప్పుడు స్పేర్ పార్టుల ఫ్యాక్టరీ. ఆదివారాలు ఇద్దరూ కలిసే ఆడేవారు.

ఆ కార్డులను బట్టే క్లబ్ ఒక్కొక్కరికీ హ్యాండిక్యాప్ కడుతుంది. బాగా ఆడేవాడు, ఆడలేనివాడికి కొన్ని దెబ్బలు వదులుకోవాలి. అప్పుడే పోటీ సమమవుతుంది. కేశవప్ప కార్డుల్లో దెబ్బలు ఎక్కువ. కాబట్టి ధనశేఖర్ మీద ఆడితే ఆయనకు ప్రతి గుంటలోనూ ఒక దెబ్బ తీసివేత.

ఈ ఏడాది క్లబ్ పోటీలో మొదటి ఆటే వాళ్ళిద్దరికీ పడింది. ఒక్కో గుంట ఒక్కో పందెం, ఎక్కువ గుంటలు గెలిచినవాడిదే ఆట. మూడో గుంట దగ్గర బంతి లోపలికి పడగానే కేశవప్ప అలవాటుగా "ఆరు" అన్నాడు.

బ్యాగు మోస్తున్న దాసప్ప ఉండబట్టలేకపోయాడు. "ఐదే గదప్పా. గడ్డి తగిలింది సుమ్నే, ఊరికే ఊపిన ఊపే. దాన్ని ఎవురూ లెక్కపెట్టరు."

కేశవప్ప ధనశేఖర్ వైపు తిరిగాడు. "అవునా ధనశేఖరప్పా?"

"అవును. రూలు అదే."

"నీకు ముందే తెలుసునా?"

ధనశేఖర్ నవ్వాడు. "క్లబ్బులో అందరికీ తెలుసు పెద్దాయనా. మన కేశవప్ప గడ్డి కోసిన కూలి కూడా కార్డులో కట్టుకుంటాడని టీ దగ్గర నవ్వుకుంటాము."

కేశవప్ప వంగి గుంటలోంచి బంతి తీసుకున్నాడు. తరవాత అన్నాడు. "అట్లయితే నువ్వు నాకిస్తా ఉండే దెబ్బలు ఎక్కువయినాయి. నేను తప్పు లెక్క మానేసినాక ఆ దెబ్బలు తీసుకోకూడదు. తగ్గించి ఆడదాము."

అప్పటికి ధనశేఖర్ రెండు గుంటలు గెలిచి ఉన్నాడు. "కార్డులో ఉండేట్టే ఆడప్పా. నీకు దెబ్బలిచ్చి గెలవలేనంత చేతకానోణ్ణి కాదు."

ఆ తరవాత ధనశేఖర్ గెలవలేదు. కేశవప్ప ఇప్పుడు ఐదును ఐదే అంటున్నాడు, అందులోంచి మరొకటి పోతోంది. గుంట తరవాత గుంట ఆయనవైపు వచ్చింది. ఇంకా కొన్ని మిగిలి ఉండగానే ఆట ముగిసింది. ధనశేఖర్ చెయ్యి కలిపి, మొహం చూడకుండా, నేరుగా ఆఫీసులోకి వెళ్ళాడు.

మర్నాడు కేశవప్పను పిలిపించారు. క్లబ్బులో పోటీలు నడిపే ప్రతిభ అనే ఆవిడ మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించింది.

"సార్, మీ కార్డుల్లో అసలు ఆడినదానికన్నా దెబ్బలు ఎక్కువున్నాయని కంప్లైంటు."

"ఉన్నాయమ్మా," అని జరిగిందంతా చెప్పాడు. దెబ్బలు తగ్గించుకుంటానన్న మాట కూడా చెప్పాడు.

ధనశేఖర్ అక్కడే ఉన్నాడు. "ఆయన చెప్పిన అంకె రాసినాను. పెద్దమనిషి మాట నమ్మడం తప్పా? తగ్గించేది గిగ్గించేది నాతో ఏమీ అనలేదు."

దాసప్పను పిలిచారు. అతను ప్రతిభనూ చూడలేదు, కేశవప్పనూ చూడలేదు. "నేను బ్యాగు మోసుకోని ఎనకాల వస్తా ఉన్నాను మేడమ్. ఏమీ వినపడలే."

రేపు పొద్దున దాసప్ప మొయ్యాల్సింది ధనశేఖర్ బ్యాగే. ఆ సంగతి కేశవప్పకు తెలుసు. తెలిసినందువల్ల బాధ ఏమీ తగ్గలేదు.

"లెక్క తెలియక జరిగిందని రాసివ్వండి సార్," అంది ప్రతిభ. "హ్యాండిక్యాప్ సరిచేసి వదిలేస్తాం. లేకపోతే కావాలని చేసినట్టు రాయాల్సి వస్తుంది."

"లెక్క నాకు తెలుసమ్మా. ఈ ఆట రూలు తెలీలేదు. అట్ల రాస్తా."

"రెండూ ఒకటే కదా సార్."

"కాదమ్మా."

ఆమె చెప్పిన మాట ఆయన రాసివ్వలేదు. దొంగ లెక్క చెప్పినందుకు కేశవప్పను పోటీల నుంచి తీసేశామని, గెలుపు ధనశేఖర్‌దని సాయంత్రానికి బోర్డు మీద అంటించారు. క్లబ్బులో గడ్డి కోసేవాళ్ళంతా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. వాళ్ళతో పాటు ఆ కబురు బస్సెక్కింది.

ఆ వారంలోనే పక్క ఊరి నాగన్న మోపెడ్ మీద వచ్చాడు. గులాబీలు కోస్తున్న కేశవప్పను చూసి గేటు బయటనుంచే కేకేశాడు.

"ఏం మొగోనివప్పా నువ్వు! అంతంత పెద్దోళ్ళని లెక్కలో ముంచినావంట! జూజువాడి ఊరి టీ కొట్లో కూడా ఇదే మాట. మన భూములు తిన్నోళ్ళకి సరిగ్గా పెట్టినావు!"

"నేను ముంచలేదు నాగన్నా. నా మీద నేనే ఎక్కువ రాసుకున్నాను."

"నాకు కూడా అదే చెప్తావా!" నాగన్న పకపకా నవ్వాడు. తరవాత మోపెడ్‌ను గేటుకు ఆనించి దగ్గరికొచ్చాడు. "మా బావి పంపకం పెట్టుకున్నాము. నువ్వే రావాల. నీ చేతిలో ఇంత పనుందని ఇన్నాళ్ళు తెలీకపోయె. ఆ లెక్క రవ్వంత నా పక్కకి తిప్పు."

కేశవప్ప చేతిలోని పూలు బుట్టలో పెట్టాడు. "నీ తమ్ముడు పొద్దున్నే వచ్చి ఇదే అడిగిపోయినాడు."

ఆ మాటకు నాగన్న సిగ్గుపడతాడేమోనని అతని మొహంలోకి చూశాడు. సిగ్గేమీ కనిపించలేదు.

"నేను రాను. ఇంకెవురినన్నా పిలుచుకోండి," అన్నాడు కేశవప్ప.

నాగన్న కదల్లేదు. ఒకసారి వెనక్కి చూసి, గొంతు తగ్గించాడు.

"వాడేమిస్తాననె? చెప్పప్పా, మించి ఇస్తా."