కామేశ్వరి టీచర్ రాయని నవ్వు

మొన్న అక్కుపల్లి బడిలో నాటకం రిహార్సల్ అయ్యాక పిల్లలు అరచేతుల్లో కొబ్బరినూనె పోసుకుని ముఖాల మీది రంగు తుడుచుకుంటున్నారు. రంగూ నూనే కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు కామేశ్వరి టీచర్ గుర్తొచ్చారు. రంగు సరిగా వదలకపోతే ఆవిడ ఊరుకునేవారు కాదు. తన చీర కొంగుతోనే మా చెవుల వెనక గట్టిగా రుద్దేసేవారు. "ఇక్కడ కొంచెం ఉంచుకుంటే ఇంటికెళ్ళాక కూడా రాజునే అనుకుంటావురా, రమణా. మీ అమ్మ అన్నం పెట్టదు" అనేవారు. ఇప్పుడు ఈ పిల్లలు వేస్తున్నది ఆవిడ రాసిన నాటకమే. ఆ నాటకం గురించీ ఆవిడ గురించీ ఈ ఊళ్ళో చాలాకాలం ఒక తప్పుడు మాట నడిచింది. దాన్ని పుట్టించింది నేను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ టెక్కలి ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చేతిలో ఎప్పుడూ ఒక నల్లగొడుగు ఉండేది. అది వానకు వాడగా నేను చూడలేదు. డైలాగు మరిచిపోయినవాడి వీపు మీద తట్టడానికే వాడేవారు. పూజారుల ఇంటి ఆడపిల్ల నాటకాలంటూ బస్సుల్లో ఊళ్ళు తిరగడం వాళ్ళన్నయ్యకు నచ్చేది కాదు. "దేవుడికి వినిపించేలా నువ్వు చదువుకో అన్నయ్యా, మనుషులకు వినిపించేలా నేను చదివిస్తాను" అని ఆయనతో చెప్పి వచ్చేశానని మాకు నవ్వుతూ చెప్పేవారు. శని, ఆదివారాలు సాయంత్రం పలాస వచ్చి, ఒక బియ్యం మిల్లు వెనక ఖాళీ షెడ్డులో మాచేత నాటకం ఆడించేవారు. పద్యాలున్న నాటకమే, కానీ ఆ పద్యాల్లో రాజులుండరు. మా ఊళ్ళవాళ్ళే, మా మాటల్లోనే ఉంటారు.

నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా తిరుగుతున్న రోజులవి. షెడ్డుకు వెళ్ళిన మొదటిరోజు ఆవిడ నాకు కాగితం ఇవ్వలేదు, డైలాగు చెప్పమనలేదు. "మీ అమ్మ నిన్ను అన్నానికి ఎలా పిలుస్తుందో పిలువు" అన్నారు. నేను నడుం మీద చెయ్యి పెట్టి, మెడ ఒక పక్కకు వంచి, మా అమ్మలాగే సాగదీసి పిలిచాను. షెడ్డంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వారు. తర్వాత దగ్గరికి పిలిచి, "నీకు అనుకరణ వచ్చు. మంచిదే, అది మొదటి మెట్టు. కాకపోతే చాలామంది ఆ మెట్టు మీదే కాపురం పెట్టేస్తారు" అన్నారు. అది పొగడ్తే అనుకుని నేను పొంగిపోయాను.

నాటకంలో కథ చిన్నది. ఒక రైతు తన కొబ్బరి తోటకు కంచె వేస్తాడు. ఆ తోటలోంచి చేపల బుట్టలతో రోడ్డుకు వెళ్ళే ఆడవాళ్ళ దారి మూసుకుపోతుంది. రెండు వైపులా మాటా మాటా పెరుగుతుంది. ఇంతలో తుపాను వస్తుంది. చెట్లు కూలిన రైతూ, పడవ తిరిగిరాని మత్స్యకారుడి భార్యా ఒకే గట్టు మీద నిలబడతారు. ఈ కథకు ఆవిడ దూరం వెళ్ళనక్కరలేకపోయింది. అక్కుపల్లి పక్కనే మా తోట, మా నాన్న వేసిన కంచె ఉన్నాయి మరి.

వేషాలు పంచేటప్పుడు అందరం ఆశ్చర్యపోయాం. రైతు వేషం అక్కుపల్లి దానయ్యకు ఇచ్చారు. వాడు పుట్టినప్పటినుంచి వల పట్టినవాడు. నాకు ఆ మత్స్యకారుడి భార్య వేషం ఇచ్చారు. ఆడపిల్లల్ని నాటకానికి పంపే ఇళ్ళు అప్పట్లో లేవు. ఆవిడకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఎవరి వేషం కడితే వాళ్ళ ఇంట్లో కొన్నాళ్ళు ఉండి రావాలి. "వాళ్ళ అన్నం తినకుండా వాళ్ళ మాట నీ నోట్లోకి ఎలా వస్తుందిరా?" అనేవారు. అలా దానయ్య మా ఇంటికి వచ్చాడు, నేను వాళ్ళింటికి వెళ్ళాను.

దానయ్య తల్లి పేరు చిన్నమ్మి. నన్ను చూడగానే, "ఓలమ్మా, నాను ఇలగుంటానేటి? మీసాలతోనా?" అని వీధంతా వినిపించేలా నవ్వింది. తెల్లారి వాళ్ళతో పడవెక్కి, గట్టు కనబడుతుండగానే వాంతి చేసుకున్నాను. దించేశాక ఆవిడ నిమ్మకాయ చేతిలో పెట్టి, "పర్లేదు బాబూ, సేపలు కూడా పాపం ఆకలితోనే ఉంటాయి" అంది. చేపల పులుసులో ముల్లు తీసి నాకు పెట్టేది. నడక నేర్పింది, తల మీద బుట్ట ఆనేలా చుట్టకుదురు పెట్టడం నేర్పింది. నేను బుట్ట కిందపడేస్తే, "ఆ సేపల్ని ఇప్పుడు నువ్వే కొనాల" అని ఏడిపించేది.

అక్కడ మా ఇంట్లో దానయ్య ముందు పనసపొట్టు కూర పెడితే కాసేపు దానివంక చూసి, "పిన్నీ, ఇందులో రొయ్యలేవీ?" అన్నాడట. మా నాన్న మొదటిరోజు వాడితో మాట్లాడలేదు. మర్నాడు వాడు తోటలో కంచె కర్రలు సరిచేస్తుంటే చూసి, "ఓరి, నీ దారికి నువ్వే కంచె కడతన్నావేట్రా?" అన్నాడట. "వేసం కదా మావా, బాగా కట్టాల" అన్నాడట వాడు. ఆ తర్వాత వాడికి కల్లు పోసి, తోట కష్టాలన్నీ చెప్పుకున్నాడు మా నాన్న. నాటకంలో దానయ్య నడుం మీద చేతులు వేసుకుని చెట్లవైపు చూస్తే అచ్చం మా నాన్నే.

ఒకరోజు టీచర్ నన్ను చూడటానికి అక్కుపల్లి వచ్చారు. చిన్నమ్మి ఆవిడను అరుగు మీద కూర్చోబెట్టి, ఒకసారి తన మగడి పడవ రెండు పూటలు రాకపోతే తాను గట్టుమీద నిలబడి గంగమ్మను ఎలా తిట్టిందో చెప్పింది. పడవ తిరిగొచ్చింది కాబట్టి నవ్వుతూనే చెప్పింది. కానీ చెబుతున్నంతసేపూ తన మెడలోని పసుపుతాడు వేళ్ళకు చుట్టుకుంటూనే ఉంది. టీచర్ ఆ మాటలను నాటకంలో పెట్టారు.

"నా వల నీకెరికే, నా గిన్నె నీకెరికే,
నా మగడి సెమట నీ ఉప్పులోనే ఉంది.
నీ ఇంటికొచ్చినోడిని నా ఇంటికి అంపవా?
కోపముంటే గట్టెక్కి రా, నాతో దెబ్బలాడు."

రిహార్సల్‌లో ఇది చెప్పేటప్పుడు నేను చెయ్యీ కాలూ ఆడించేవాణ్ణి. గొడుగు వీపు మీద పడేది. "కదలకు. ఆవిడ సముద్రంతో మాట్లాడుతోంది, జనంతో కాదు" అనేవారు టీచర్.

పలాసలో పోటీ ప్రదర్శన రోజు అక్కుపల్లి ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చారు. ముందువరసలో చిన్నమ్మి కొత్త చీర కట్టుకుని కూర్చుంది. నేను బుట్టతో స్టేజి మీదికి రాగానే వెనక బెంచీల్లోంచి ఎవరో ఈల వేశారు, నవ్వులు లేచాయి. ఆ నవ్వు నాకు రుచించింది. నడకను ఇంకొంచెం ఊపాను. నవ్వు పెరిగింది. గంగమ్మతో మాట్లాడే చోటికి వచ్చేసరికి నాకు ఇంకేమీ గుర్తులేదు. చిన్నమ్మిలా గొంతు సాగదీశాను, ముక్కు చీదాను, పసుపుతాడు వేళ్ళకు చుట్టి వెకిలిగా తిప్పాను, ఆవిడ నాకు నమ్మి చెప్పిన చిన్నచిన్న మాటలు కూడా అందులో కలిపేశాను. హాలు ఊగిపోయింది. ముందువరసలో మాత్రం ఎవరూ నవ్వలేదు. చిన్నమ్మి లేచింది. ఆవిడ వెనకే మిగతావాళ్ళూ లేచి వెళ్ళిపోయారు. దానయ్య ఎదురుగా రైతు వేషంలో నిలబడి ఉన్నాడు. తల్లి వెళ్ళిన వైపే చూస్తున్నాడు.

తెర పడగానే అక్కుపల్లి మగవాళ్ళు లోపలికి వచ్చారు. "మాయింటికి తెచ్చి కూడెట్టింది దీనికేటి? ఎవలు రాసినారీ మాటలు?" అని అడిగారు. నాకు భయం వేసింది. "టీచర్ ఎలా చెయ్యమంటే అలా చేశాను" అన్నాను.

టీచర్ అక్కడే, నా పక్కనే ఉన్నారు. నావైపు చూశారు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది. "నాటకం నాది. తప్పు కూడా నాదే. క్షమించండి" అని వాళ్ళకు దండం పెట్టారు. ఆ తర్వాత ఆవిడ అక్కుపల్లి వెళ్ళలేదు. ఆ నాటకం మళ్ళీ ఆడలేదు. దానయ్య చాలాకాలం నాతో మాట్లాడలేదు. కంచె పక్కన మా నాన్న దగ్గరికి మాత్రం వచ్చి కూర్చునేవాడు.

కొన్నేళ్ళకు నేనూ మాస్టారినై, టెక్కలిలో ఆవిడ ఇంటికి వెళ్ళాను. పెసరట్టు వేసి పెట్టారు. నా పెళ్ళి ఫోటోలు చూసి, "ఈ పిల్ల నీకంటే బాగా నటిస్తుందిరా, నిన్ను చూసి సంతోషంగా ఉన్నట్టు ఎంత చక్కగా నిలబడిందో!" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ధైర్యంతో ఆనాటి సంగతి ఎత్తాను. ఆవిడ అట్లకాడ పైకెత్తారు.

"నాకెందుకు చెబుతున్నావు? నాకు తెలుసు కదా. తెలియనివాళ్ళకు చెప్పు."

"చెబుతాను టీచర్."

"చెప్పేటప్పుడు ఏడవకు. ఏడిస్తే జనం నిన్ను చూస్తారు, మాట వినరు."

చెబుతానన్నవాణ్ణి చెప్పలేదు. ఆవిడ పోయాక ఇంక అడిగేవాళ్ళు లేరని లోపల ఎక్కడో ఊరట కూడా పడ్డాను. ఆ ఊరటకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఈ ఏడాది దానయ్య కూతురు లక్ష్మి బడి పిల్లలతో ఆ నాటకం ఎత్తుకుంది. చిన్నమ్మి వేషం తనే కడుతోంది. నన్ను సాయం పిలిచింది. ఊళ్ళో పెద్దవాళ్ళకు ఇష్టం లేదు. ముసలిదైన చిన్నమ్మి మనవరాలితో ఖచ్చితంగా చెప్పేసింది. "ఆ టీచరు నాటకవా? మా బతుకు సూసి నవ్వించినాది. నాను రాను, నువ్వూ ఎయ్యొద్దు." ఇంక ఆగడానికి లేదు. వెళ్ళి ఆవిడ మంచం పక్కన నేలమీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. దానయ్య గుమ్మంలో నిలబడి విన్నాడు.

చిన్నమ్మి మంచం మీద లేచి కూర్చుంది. "టీచరు ఎలగ రాసినాదో అలగ సెప్పు" అంది. చేతులు కదపకుండా నాలుగు చరణాలూ చెప్పాను. "ఇంకోపాలి" అంది. మళ్ళీ చెప్పాను.

"బాగా రాసినాది" అంది, గోడవైపు చూస్తూ. "ఆయమ్మని ఇన్నేళ్ళు తిట్టించినావు కదరా నా సేత. నాకొక్కదానికి సెప్తే సాలదు. ఆ రోజు లేసి ఎల్లిపోయినోలందరికీ సెప్పు."

నిన్న సాయంత్రం ఇసకలో స్టేజి కట్టారు. నాటకానికి ముందు మైకు పట్టుకుని చెప్పాను. వాంతి దగ్గరనుంచి మొదలుపెట్టాను. అక్కడ అందరూ నవ్వారు. తర్వాతిది చెబుతుంటే ఎవరూ నవ్వలేదు. ఒకాయన లేచి నన్ను గట్టిగానే తిట్టాడు. తిట్టించుకున్నాను. ఏడవలేదు. "అయితే ఇప్పుడీ మాస్టారికి ఏ వేసం?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. దానయ్య నా చేతిలోంచి మైకు లాక్కుని, "తెర లాగే వేసం. అది పాడుసెయ్యడం ఈడి వల్ల కాదు" అన్నాడు. జనం గొల్లుమన్నారు.

పలాసలో ఆ ముందువరస లేచి వెళ్ళిపోయిన రోజునుంచి నాకొక అలవాటు ఉండిపోయింది. బడిలో అయినా, పెళ్ళిలో అయినా నలుగురూ నవ్వుతుంటే నవ్వనివాళ్ళు ఎక్కడున్నారా అని నా కళ్ళు వెతుకుతాయి. నిన్నా వెతికాయి. చిన్నమ్మి ముందువరసలో కుర్చీలో ఉంది. నవ్వలేదు. నావైపు చూసి, ఇంక కానీమన్నట్టు చెయ్యి ఊపింది. నేను వెళ్ళి తెర లాగాను.