మత్తు డాక్టరమ్మ అడిగిన మాట

మక్తల్ నుంచి వెళ్లి నేను ఆపరేషన్‌కు చేరిన దవాఖానలో మత్తు డాక్టరమ్మ ఒకామె ఉండేది. పరిశోధన కోసమని, ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరినీ మర్నాడు అడిగేది: "నిద్రల ఏమన్న ఇనబడ్డదా అమ్మా?" అందరూ నవ్వి లేదనేవారు.

నేను నవ్వలేకపోయాను. "ఇనబడ్డది మేడం. కోస్తాంటే తెలిసింది. అరుద్దామంటే నోరు లేవలే."

పక్కనున్న, నాకు ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు, "కల వడ్డది తియ్యి," అన్నాడు.

"కుట్లేసేటప్పుడు 'దారం తెగింది, ఇంకోటి ఇయ్యి' అన్నరు గదా సార్."

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. నా మంచం అంచున కూర్చుని, "కల కాదు సార్. నేనిచ్చిన మత్తు చాలలే," అంటూ ఆయన ముందే కాగితం మీద రాసింది.

ఏడాదికి నాకు మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. బల్ల మీద బిగుసుకుపోయిన నన్ను చూసి ఆమె మెల్లగా అడిగింది: "మత్తుకు వేరేటోళ్లను పిలువాల్నా అమ్మా?"

"వద్దు మేడం. మీరే ఇయ్యుండ్రి," అన్నాను.