గుడారంలో ఉండాల్సిన జనరల్

ఎనభైల మొదట్లో మేం వర్జీనియాలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. బ్రిటిష్ సైన్యం అమెరికన్లకు లొంగిపోయిన ఘట్టాన్ని అక్కడి చరిత్ర సంఘం ఏటా అక్టోబరులో మైదానంలో ఆడి చూపించేది. అమెరికన్ సిపాయి వేషాలకు విపరీతమైన పోటీ. ఓడిన జనరల్ వేషానికి మాత్రం ఎవరూ దొరకరు. ఆ ఏడు సంఘం అధ్యక్షురాలు, రిటైరైన టీచరమ్మ, నన్నడిగింది.

"మీరు మాట్లాడేది అచ్చం బ్రిటిష్ ఇంగ్లిష్" అంది.

గుంటూరులో నేర్చిన నా ఇంగ్లిష్‌ను అంతవరకూ ఎవరూ అంత మాట అనలేదు. ఆలోచించకుండా ఒప్పేసుకున్నాను.

లైబ్రరీ నుంచి ఆ జనరల్ జీవితచరిత్ర తెచ్చాను. ఎర్ల్ అనే బిరుదున్న ప్రభువు గారి పెద్ద కొడుకు. బడిలో హాకీ కర్ర తగిలి ఒక కంటికి కాస్త మెల్ల వచ్చింది. అమెరికాలో ఓడాక మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వెళ్లాడు. టిప్పు సుల్తాన్‌ను ఓడించాడు. జమీందార్ల శిస్తు శాశ్వతంగా ఖాయం చేశాడు. స్కూల్లో బట్టీపట్టిన పాఠం తాలూకు మనిషి ఇప్పుడు నేనే. అద్దం ముందు నిలబడి మెల్లకన్ను సాధన చేశాను. ఆఫీసులో చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను.

"ఏమండీ, కంట్లో ఏమన్నా పడిందా?" అంది మా ఆవిడ. కారణం చెప్పాక, "అయితే ప్రభువుల వారూ, ట్రాష్ బయట పెట్టి రండి" అంది.

ఒకరోజు మాత్రం తనే అడిగింది. "ఆయనకి పెళ్లాం పిల్లలు లేరా?"

"ఉన్నారు. భార్యంటే ప్రాణం. ఆవిడ జబ్బుపడితే యుద్ధం వదిలి ఇంటికెళ్లాడు. ఆవిడ పోయింది. ఆ ఇంట్లో ఉండలేక మళ్లీ యుద్ధానికే వచ్చాడు."

"పాపం" అంది. సంఘం వాళ్లిచ్చిన జనరల్ కోటు వైపు చూసి, "ఆ కోటు ఇటివ్వండి, భుజాలు జారుతున్నాయి. టైట్ చేస్తాను" అంది.

కత్తి అప్పగిస్తూ చెప్పడానికి గంభీరమైన ఉపన్యాసం రాసుకున్నాను. రిహార్సల్‌లో మొదటి వాక్యం పూర్తి కాకముందే టీచరమ్మ ఆపేసింది.

"మీరు అక్కడికి రారు. జనరల్ ఒంట్లో బాగాలేదని చెప్పి బయటికే రాలేదు. కత్తి అతని కింది అధికారి తెస్తాడు. మీరు గుడారంలో కూర్చోవాలి. పుస్తకం చదివానన్నారుగా?"

చదివాను. గెలిచిన అధ్యాయాలే చదివాను.

ప్రదర్శన రోజు ఎండ మండిపోతోంది. ఉన్ని కోటుతో గుడారంలో ఉడికిపోయాను. విగ్గు తీసి పక్కన పెట్టి, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా తెరిచాను. చెయ్యి నోటిదాకా వెళ్లేసరికి ఒక ముసలి జంట గుడారం తెర ఎత్తింది.

"జనరల్ మీరేనా?" అన్నాడు పెద్దాయన, నా చేతివైపు చూస్తూ.

అవునన్నాను. ఊరుకోవచ్చు కదా? జీవితచరిత్ర మొత్తం అందుకున్నాను.

"ఇక్కడ ఓడిపోయినవాణ్ని అంత పెద్ద దేశానికి గవర్నరుగా పంపారా? ఎందుకు?"

"మా నాన్న ఎర్ల్ అండీ."

ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకి ఇంకో పదిమంది వచ్చారు. నాకు పూనకం వచ్చింది. శిస్తు పద్ధతి వివరిస్తూ, గాలి కోసం వెనక్కి నడుస్తూ గుడారం రెండోవైపు తెర దాటేశాను. శ్రోతలు నా వెంటే వచ్చారు. శిస్తు కట్టలేని జమీందార్ల గతి చెబుతూ వెనక్కి తిరిగితే, మైదానం మధ్యలో ఉన్నాను. ఎదురుగా నా కింది అధికారి కత్తి చాచి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. డప్పులు ఆగిపోయాయి.

మైకులో టీచరమ్మ గొంతు వినిపించింది. "జనరల్ గారికి జ్వరం తగ్గినట్టుంది."

మైదానమంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది మా ఆవిడే.

మరుసటి ఏడు నాకు బ్రిటిష్ సిపాయి వేషమిచ్చారు. వెనక వరసలో నడవాలి, తుపాకి కింద పెట్టాలి, వెళ్లిపోవాలి. మాటలు లేవు. మేం ఆ ఊరు వదిలేదాకా ఆ వేషమే వేశాను. అందులో మాత్రం ఎవరూ నాకు వంక పెట్టలేదు.