టిక్కులు మింగిన ఫారం

2003లో రాజమండ్రి దానవాయిపేటలో, ఒక మందుల షాపు పైగదిలో మేం వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లం. ఆత్రేయపురం పూతరేకుల వ్యాపారి సుబ్బరాజు గారు పైఊళ్లవాళ్లు ఇంటర్నెట్‌లో ఆర్డరిచ్చేలా సైటు కావాలంటే నేనే చేసిచ్చాను.

ఫారంలో పంచదార, బెల్లం, డ్రైఫ్రూట్ అని మూడు చెక్‌బాక్సులు, అంటే టిక్కు పెట్టే గళ్లు. ఆర్డరు రాజుగారి మెయిల్‌కి వెళ్లేది. ఆయన దగ్గర పనిచేసే సునీత అనే అమ్మాయి అది చూసి, చీటీ రాసి ప్యాకింగు గదికి పంపేది.

కొన్ని వారాలకు రాజుగారు ఫోన్ చేశారు. "ఏంటండీ ఇది? మూడు రకాలు అడిగితే ఒకటే పంపారని తిడుతున్నారు."

"సైటు టెస్ట్ చేసే ఇచ్చానండి. చీటీ రాసేవాళ్లు వదిలేస్తున్నారేమో చూడండి," అన్నాను. కోడు తెరిచి కూడా చూడలేదు.

మర్నాడు సునీత బస్సెక్కి మా ఆఫీసుకే వచ్చింది. "మెయిల్లోనే ఒక రకం ఉంటోందండి. చూపిస్తానన్నా రాజుగారు వినట్లేదు. మీరు చెప్తే నమ్ముతారండి."

అప్పుడు నా ఎదురుగా కొత్త కస్టమరు కూర్చుని ఉన్నాడు. అతని ముందు నా పని తప్పని ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. "కంప్యూటర్ దానంతటది మింగేయదమ్మా. కాస్త చూసుకుని రాయి," అన్నాను నవ్వుతూ. అతనూ నవ్వాడు. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఒక పెళ్లివారి ఆర్డరు కూడా అలాగే చెడింది. రాజుగారు ఆమెను పనిలోంచి తీసేశారు.

నిజం నాకు తెలిసింది మా అక్క సీమంతమప్పుడు. ఆ సైటులోనే మూడింటికీ టిక్కు పెట్టి ఆర్డరిచ్చాను. డ్రైఫ్రూట్‌వి మాత్రమే వచ్చాయి. వెంటనే కోడు తెరిచాను.

కోడులో మూడు గళ్లకీ లోపలి పేరు ఒకటే పెట్టాను. అలా పెడితే సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ స్క్రిప్టు ముందు వచ్చినదాన్ని చెరిపి తర్వాతది రాసుకుంటుంది, చివరిదొక్కటే మిగులుతుంది. పేరు చివర ఖాళీ స్క్వేర్ బ్రాకెట్లు తగిలిస్తేనే అన్నిటినీ వరుసగా దాచుకుంటుంది. ఆ వరుసనే అర్రే అంటాం. నేను ఆ బ్రాకెట్లు పెట్టలేదు. టెస్ట్ చేసినప్పుడు ఒక్కోసారి ఒక్కో గడికే టిక్కు పెట్టి, అంతా బాగుందనుకున్నాను.

కోడు సరిచేసి ఆత్రేయపురం వెళ్లాను. రాజుగారికి విషయం చెప్పాను. "ఆ పిల్ల ఒట్టేసి చెప్పిందండి. నేను మీ మాటే పట్టుకున్నాను," అన్నారు.

ఇద్దరం రావులపాలెం వెళ్లాం. సునీత అక్కడ బట్టల షాపులో చేరింది. తప్పు నాదేనని చెప్పాను. రాజుగారు మళ్లీ పనిలోకి రమ్మన్నారు.

"రానండి," అంది. "నాకు చెప్పారు, సరే. మన ప్యాకింగు గదిలో అందరూ నన్ను పని చేతకానిదన్నారు. వాళ్లకెవరు చెప్తారండి?"

ఆ సాయంత్రమే ప్యాకింగు గదిలో నిలబడ్డాను. ఆడవాళ్లు రేకులు మడతపెడుతూ తలెత్తారు. బ్రాకెట్ల గురించి చెప్పబోయి ఆగాను. "సునీత రాసిన చీటీల్లో తప్పు లేదండి. తప్పు నేను చేశాను. తెలుసుకోకుండా ఆమె మీదికి నెట్టాను," అన్నాను.

ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ, "ఆ పిల్ల ఇక్కడే కూర్చుని ఏడ్చింది బాబూ," అంది.

తర్వాత ఎన్నో సైట్లు చేశాను. ఎవరైనా వచ్చి "రావట్లేదండి" అంటే, వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ముందు నా కోడే తెరుస్తాను. అది మంచి అలవాటేనని మా ఆఫీసు కుర్రాళ్లు మెచ్చుకుంటారు. అలా మెచ్చుకున్నప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపిస్తుంది.