పొగ పోయేదాకా ఆగమన్న సరోజన మేడం

కరెంటు పోగానే మా సెక్షన్‌లో యూపీఎస్‌లు కీచుకీచుమని మొదలుపెడతాయి. ఒకటి ఆగేలోపు ఇంకొకటి. కొత్తగా చేరినవాళ్ళు విసుక్కుంటారు గానీ నేను మాత్రం చేస్తున్న పని ఆపి మౌస్ మీద నుంచి చెయ్యి తీసేస్తాను. ఇన్నేళ్ళయినా అంతే. ఆ చప్పుడు వినగానే కరీంనగర్‌లో నేను మొదట పనిచేసిన ఆసుపత్రి, కింది అంతస్తులోని ల్యాబ్ గది, తెరుచుకోని ఒక మెయిల్, దాని ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సరోజన మేడం గుర్తుకొస్తారు.

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే సెక్షన్‌కు ఆమే పెద్ద. మనిషి పొట్టి, గొంతు పెద్దది, మధ్యాహ్నం డబ్బాలో పచ్చిమిరపకాయ లేకపోతే అన్నం ముద్ద దిగేది కాదు. వాళ్ళ నాన్న గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. నేను చేరిన వారంలోనే ఒక ప్రింటర్ మొరాయించింది. నాకు ఓపిక అనేది పుట్టుకతో రాలేదు. వెళ్ళీ వెళ్ళగానే దాని తీగలన్నీ పీకి కుప్ప పెట్టాను. ఆమె వెనక నిలబడి చూసి, "ఏంది బిడ్డా, దానితోని ఏమన్న పగ ఉన్నదా?" అన్నారు. తర్వాత నన్ను కూర్చోబెట్టి టీ తాగించి చెప్పారు. "మా బాపు బాయిల పనిచేసెటోడు. బొగ్గును పేల్చినంక పొగ పోయేదాక ఎవ్వరు లోపటికి పోవద్దు. పోయినంక గూడ కట్టెతోని పైకప్పు తట్టి సప్పుడు ఇనాలె. గట్టిగున్నదని తెలిస్తెనే అడుగు వెయ్యాలె. ఉరికినోడు ఇంటికి రాడు." ప్రింటర్‌కూ బొగ్గుబాయికీ ఏం సంబంధమో నాకు అప్పుడు అర్థం కాలేదు. లోలోపల నవ్వుకున్నాను కూడా.

అర్థమైన రోజు వేరే ఉంది. జైనూర్ వైపు గూడెం నుంచి సోంబాయి అనే ఆమెను ఆపరేషన్‌కు తీసుకొచ్చారు. ఆమె రక్తం మామూలు పరీక్షలకు అంతుపట్టలేదు, ఏ రక్తం ఎక్కించినా సరిపడేలా లేదు. నమూనాను హైదరాబాదులోని పెద్ద ల్యాబ్‌కు పంపారు. ఏ రక్తం ఎక్కించవచ్చో చెప్పే రిపోర్టు వచ్చింది, కానీ తాళం వేసిన మెయిల్‌లో వచ్చింది. ఆ తాళం తీసేది మా మెయిల్ ప్రోగ్రామ్‌కు తగిలించిన ఒక ప్లగిన్. తాళంచెవి దాని సెట్టింగుల్లో ఉండాలి. ఆ రోజు మెనూలో ఆ సెట్టింగులే లేవు. పాత మెయిళ్ళన్నీ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. హైదరాబాదుకు ఫోన్ చేస్తే, రక్తం సంగతి నోటిమాట మీద చెప్పలేమనీ, తాళం లేకుండా పంపాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలనీ అన్నారు. పై అంతస్తులో సోంబాయికి రక్తస్రావం ఆగడం లేదు. ఆమె భర్త భీంరావు గది గుమ్మంలోనే నిలబడ్డాడు. "మేడం, కాగితం అచ్చిందట గదా, మరి ఇస్తలేరేంది?" అని అడిగాడు. ఏమని చెప్పాలి? వచ్చింది, కానీ చదవలేకపోతున్నామనా?

నేను మౌస్ అందుకున్నాను. "ప్రోగ్రామ్ మొత్తం తీసేసి, దాని ఫోల్డర్లన్నీ తుడిచేసి, మళ్ళీ వేస్తాను మేడం. తొందరగా అయిపోతుంది" అన్నాను.

"మౌస్ మీదికెల్లి చెయ్యి తియ్యి."

"మేడం, అక్కడ మనిషి..."

"గందుకే తియ్యమంటున్న. తాళంచెవి ఏడున్నదో మనకు తెల్వది. నువ్వు తుడిచిన ఫోల్డర్లనే ఉంటె? జర పొగ పోనీ."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమె మీద నాకు పీకల దాకా కోపం వచ్చింది. ఆమె మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వంక చూస్తూ, "పొద్దుగాల దీని మీద ఎవలున్నరు?" అన్నారు. ల్యాబ్ క్లర్కు మల్లేశం. పొద్దున కాసేపు పనిచేసి, సెలవు పెట్టి, ఇంటిల్లిపాదితో వేములవాడ వెళ్ళాడు. అక్కడి రాజన్న గుడిలో కోడెను కట్టే మొక్కు ఉందట. నేనే ఫోన్ చేశాను. జనం గోల, గంటలు. "మల్లేశం, పొద్దున మెయిల్‌లో ఏం చేశావు? సెట్టింగులన్నీ పోయాయి!" అని అరిచాను.

"నేనేం ముట్టలే మేడం. నాకేం తెల్వది" అన్నాడు. ఆ గొంతు వినగానే తెలిసిపోయింది, ఏదో చేశాడని. ఇంకా గట్టిగా అరవబోతుంటే సరోజన మేడం నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"మల్లేశం, నేను సరోజనను. కోడెను కట్టేసినవా? పిల్లలు ఏమన్న తిన్నరా?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గుమ్మంలో భీంరావు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"లైన్ల ఉన్నం మేడం."

"మంచిది. ఇగో, నువ్వు చేసినవని నేనంటలే. తప్పు ఎవలిదని ఇయ్యాల అడుగ, రేపు గూడ అడుగ. పొద్దుగాల తెరిసినప్పుడు నీకేం కనవడ్డదో గదొక్కటి చెప్పు. ఈడ ఒకామెకు రక్తం ఎక్కియ్యాలె, గా కాగితం తెరుసుకుంటలేదు."

అవతల గంటల చప్పుడు దూరమైంది, జనంలోంచి పక్కకు జరిగినట్టున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "మేడం... కరెంటు పోయి అచ్చింది. మెయిల్ ఎంతకూ తెరుసుకోలే. కొత్త ప్రొఫైల్ చెయ్యాల్నా అని అడిగింది. బయట ఆటోల అందరు కూసున్నరు, అవ్వ పిలువవట్టె. అవునని కొట్టిన. పేరడిగితె రాజన్న అని పెట్టిన. మెయిళ్ళన్ని అచ్చినయి, మంచిగనే ఉన్నదనుకున్న."

"శభాష్. నువ్వు దర్శనం చేస్కో, ఫికర్ చెయ్యకు" అని ఆమె ఫోన్ పెట్టేశారు.

పోయిందనుకున్నది ఎక్కడికీ పోలేదు. మేము వెతుకుతున్నది మల్లేశం కొత్తగా పెట్టిన ప్రొఫైల్‌లో, అంటే ఆ ప్రోగ్రామ్ సెట్టింగులు దాచుకునే కొత్త ఖాళీ అరలో. మెయిళ్ళు సర్వర్ నుంచి మళ్ళీ దిగాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ప్లగిన్ సెట్టింగులూ తాళంచెవీ పాత ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. నేను తుడిచేద్దామన్నది ఆ ఫోల్డర్‌నే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు కూడా ఆమె ముందుగా ఆ ఫోల్డర్‌కు నకలు తీయించారు. తెర మీద పచ్చగీత నత్తలా పాకుతుంటే మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. తర్వాత, కరెంటు పోయినప్పుడు మిగిలిపోయి పాత ప్రొఫైల్‌ను తెరుచుకోనివ్వకుండా అడ్డుపడుతున్న చిన్న ఫైలును పక్కకు జరిపి, ప్రొఫైళ్ళ పట్టికను తెరిచారు. రెండు పేర్లు కనిపించాయి. రాజన్నకు మనసులోనే దండం పెట్టుకుని పాతదాన్ని నొక్కాను. మెనూలో సెట్టింగులు వచ్చాయి. రిపోర్టు తెరుచుకుంది. కాగితం ప్రింటర్‌లోంచి పూర్తిగా బయటికి రాకముందే భీంరావు చెయ్యి చాపాడు. సరోజన మేడం అతన్ని వెంటబెట్టుకుని తానే మెట్లెక్కారు.

సోంబాయి బతికింది. బతికించింది పైనున్న డాక్టర్లే, ఆ ఘనత మాది కాదు.

మరునాడు మేనేజర్ ఆమెను పిలిచి, ఇంత ఆలస్యానికి కారణం ఎవరో పేరు చెప్పమన్నారు. నేను పక్కనే ఉన్నాను. "పేరు చెప్త సార్" అన్నారామె. "మరి రేపు గిట్లనే అయితె నాకు నిజం చెప్పెటోన్ని మీరు తెచ్చిస్తరా?" మేనేజర్ మొహం మాడ్చుకున్నారు. ఆ ఏడు ఆమెకు రావలసిన ప్రమోషన్ రాలేదు. మల్లేశానికి ఈ సంగతి ఆమె చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

ఆమె పోయి రెండేళ్ళయింది. నా కోపం అలాగే ఉంది, ఇంట్లోవాళ్ళను అడిగితే చెబుతారు. కానీ పనిలో ఏదైనా పోయినప్పుడు నా గొంతు విని ఒకరు అబద్ధమాడితే, ఆ అబద్ధంలో సగం నాదేనని ఆమె దగ్గర నేర్చుకున్నాను. మొన్నీమధ్య కొత్తగా చేరిన నర్సు ఒకామె నా గదికి వచ్చింది. ఏదో పోయిందని అప్పటికి ఇంకా ఎవరూ గమనించలేదు. "మేడం, స్కానింగ్ ఫోల్డర్ నా చేతుల్నే పోయింది" అంది. భయపడుతూ రాలేదు, దాచుకోలేదు, సూటిగా నా దగ్గరికే వచ్చి చెప్పింది. కుర్చీ చూపించాను. ఆమె ఏం చూసిందో చెబుతుంటే నా కళ్ళు ఎందుకు తడిశాయో పాపం ఆ పిల్లకు అర్థం కాలేదు.